ఒక్కరికే గుర్తున్న ఉదయం

ఆ వీధిలో ఆమె అసలు పేరు పోస్ట్‌మాన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ పైలటమ్మే. "పైలటమ్మగారూ, టమాటాలు ఇప్పుడే ల్యాండయ్యాయి" అని కూరగాయల కొట్టువాడు ఏళ్ల తరబడి అదే జోకు వేస్తున్నాడు. అతనికి విసుగు రాలేదు, ఆమె నవ్వడం మానలేదు. యాభై దాటిన మనిషి. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లతో "కిందికి దిగే తీరిక దొరకలేదండీ" అని తప్పించుకునేది. మేడమీద ఒక గది, ఒక వంటగది, బట్టలారేసుకోవడానికి ఇంత డాబా. అద్దె ఇల్లే అయినా ఖాళీ చేయమన్నవాళ్లు లేరు.

ఊరి చివర ఫ్లయింగ్ క్లబ్బులో ఆమె పాఠాలు చెప్పేది. విమానం నడపడం వచ్చినవాళ్లకి గాలిలో గిరికీలు కొట్టడం నేర్పడం ఆమె పని. చిన్న విమానాన్ని నిట్టనిలువుగా పైకి లేపి, వెల్లకిలా తిప్పి, మళ్లీ కిందికి తెచ్చి ఆకాశంలో పెద్ద సున్నా చుట్టాలి. చూసేవాళ్లకి అది గారడీలా ఉంటుంది. చేసేవాళ్లకి మాత్రం లెక్క, ఓపిక, మెడనొప్పి.

నా అనుకునేవాళ్లు ఆమెకి ముగ్గురే. అన్నయ్యకి బజారులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు వదిన తీర్చేది, వడ్డీతో సహా. "అర్ధమొగుడు ఆడపడుచంటారు. నా ఖర్మకి అసలు మొగుడు మాట్లాడడు, ఆ సగం మొగుడేమో నేలమీద ఉండదు" అనేది వచ్చినవాళ్లందరితో. పైలటమ్మ గుమ్మంలో అడుగు పెట్టగానే "రా తల్లీ, రా. ఇవాళ మా మీద ఏం దయ కలిగింది? పెట్రోలు అయిపోయిందా?" అని మొదలెట్టేది. ఆ తిట్లు తినడానికే ఆమె వారానికి రెండుసార్లు ఆ ఇంటికి వెళ్లేదంటే అబద్ధం కాదు. తన గదిలో అంత చనువుగా ఆమెని తిట్టేవాళ్లెవరూ లేరు మరి.

మూడో మనిషి మేనకోడలు. నడక వచ్చిన రోజునే బల్లెక్కి దూకిందని దానికి పిడుగు అని పేరు పడింది. ఆ పేరు వయసుతో పోలేదు. పాతికేళ్లు వచ్చాక కూడా ఇంట్లో పిడుగే, ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగంలో చేరాక అక్కడా పిడుగు టీచరే. జీతంలో మిగిలినదంతా పెట్టి విమానం లైసెన్సు తెచ్చుకుని, నేరుగా అత్త దగ్గరికి వచ్చింది.

"నీ పిచ్చి నీతో పోతుందనుకున్నాను. నా కూతురికీ అంటించావు కదే!" అని వదిన నెత్తి కొట్టుకుంది.

"నేనేం అంటించలేదు వదినా. నీ కడుపులో ఉండగానే తంతూ గిరికీలు కొట్టేదని నువ్వే చెప్పావు."

"నీకు మాటలు మాత్రం వచ్చు. దాని ఒంటి మీద గీత పడిందో, నీ రెక్కలు విరిచి పొయ్యిలో పెడతాను."

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది.

పిడుగుకి సున్నా ఒక పట్టాన కుదరలేదు. మొదటి నెలల్లో అది చుట్టినవన్నీ కోడిగుడ్లే. పైన నెమ్మదిగా తిప్పి, కింద గాభరాగా లాగేసేది. "ఇన్ని పొదిగితే కోళ్లఫారం పెట్టుకోవచ్చు" అనేది అత్త వెనక సీటులోంచి. ముందు సీటులో నేర్చుకునేవాళ్లు, వెనక సీటులో నేర్పేవాళ్లు. ఒకరి మొహం ఒకరికి కనబడదు, మాటలన్నీ చెవులకి తగిలించుకున్న ఫోనుల్లోనే.

ఆ ఉదయం గాలి కదలకుండా ఉంది. పిడుగు పొలాల మీద విమానాన్ని వేగం పట్టించి, ముక్కు పైకెత్తింది. నేల కిందికి జారిపోయింది. ఆకాశం, ఆకాశం, మళ్లీ ఆకాశం. తలకిందులైన చోట ఒక్క క్షణం ఒంట్లో బరువు లేదు. పొలాలు తల మీదికి వచ్చాయి. పిడుగు తొందరపడలేదు. ఎంత లాగాలో అంతే లాగింది. బయల్దేరిన ఎత్తుకి తిరిగొచ్చేసరికి విమానం చిన్నగా ఒక కుదుపు కుదిపింది. సున్నా సరిగ్గా కలిస్తేనే ఆ కుదుపు వస్తుంది. విమానం తను రేపిన గాలిని తనే వచ్చి తాకుతుంది. గీత గీతలో కలిసిందన్నమాట.

"అత్తా! తగిలింది! తగిలిందత్తా, నాకు తెలిసింది!" అని పిడుగు అరిచింది.

పైలటమ్మకి కళ్లు చెమర్చాయి. వెనక సీటులో ఉండటంలో అదొక సుఖం, ఎవరూ చూడరు. "గుండ్రంగా వచ్చింది. కోడి లేదు, గుడ్డు లేదు. ఇంక పద, దిగుదాం" అంది.

"ఇంకొక్కటి అత్తా."

"వద్దు. బాగా వచ్చినదాన్ని ఎంగిలి చెయ్యకూడదు."

"ఒక్కటంటే ఒక్కటి. ఇది అదృష్టం కొద్దీ వచ్చిందో, నిజంగా నాకు వచ్చేసిందో తెలియాలి కదా. తెలియకపోతే నాకు ఇవాళ నిద్ర పట్టదు."

అడిగిన గొంతులో చిన్నప్పటి పిడుగు ఉంది. ఎత్తు చాలినంత ఉంది, పెట్రోలు ఉంది, ఆకాశం ఖాళీగా ఉంది. కాదనడానికి అత్తకి కారణం కనబడలేదు. "సరే, ఒక్కటి" అంది.

ముక్కు పైకి లేచి సగం ఎక్కిందో లేదో, ముందు ఎక్కడో ఇనుము విరిగిన చప్పుడైంది. విమానం మొత్తం పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. నల్లటి ఆయిలు చిమ్మి ముందు అద్దమంతా పరుచుకుంది.

"నా చేతికివ్వు."

"తీసుకో అత్తా" అంది పిడుగు వెంటనే. గొంతు వణకలేదు. విమానాన్ని తిప్పే స్టిక్కు వదిలి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

పైలటమ్మ విమానాన్ని పక్కకి దొర్లించి నిటారుగా తెచ్చింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముందున్న పంకా రెక్క ఒకటి పైకి, ఒకటి కిందికి, బిగుసుకుపోయి నిలబడింది. ఇంక మిగిలింది గాలి చప్పుడు ఒక్కటే. క్లబ్బు దాకా అందదని చూడగానే తెలిసిపోయింది. కుడివైపు కరెంటు తీగలు, ఎడమవైపు కాలవ, ఆ అవతల దున్నిన పొలం. ముందు అద్దంలోంచి ఏమీ కనబడదు కాబట్టి, విమానాన్ని ఏటవాలుగా జార్చుకుంటూ పక్క అద్దంలోంచి నేలని చూసుకుంటూ దించింది.

"బెల్టులు బిగించుకో. కాళ్లు వెనక్కి లాక్కో. తల సీటుకి ఆనించు."

"ఆనించాను. అత్తా, నువ్వు?"

"నా సంగతి నీకెందుకే, చెప్పినట్టు చెయ్యి."

చక్రాలు మెత్తగానే ఆనాయి. చాళ్ల వెంట కొంత దూరం దొర్లాయి కూడా. గండం గడిచిందనుకుంటుండగా పొలంలో నీళ్లు నిలిచిన పల్లం ఒకటి తగిలింది. పైనుంచి చూస్తే అదీ మట్టే, ఇదీ మట్టే. చక్రాలు కూరుకుపోయాయి, తోక లేచింది, విమానం బోర్లా పడింది.

తలకిందులుగా బెల్టులకి వేలాడుతూ ఆమె మొదట విన్నది పెట్రోలు చుక్కలు పడే చప్పుడు. ఎడమ భుజం ఎముక విరిగిందని తెలుస్తోంది. "పిడుగూ" అని పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. ముందు సీటులోంచి గురకలాంటి ఊపిరి వినబడింది. బతికే ఉంది. ఆ ఊపిరి ఆగకుండా ఉండాలంటే తను మాట్లాడుతూ ఉండాలన్నట్టు ఆమె ఏవేవో చెబుతూ పోయింది. సున్నా ఎంత బాగా వచ్చిందో చెప్పింది, మీ అమ్మ నన్ను చంపేస్తుందని చెప్పింది, కోడిగుడ్ల మాట ఊరికే అన్నానని చెప్పింది. గట్టున పంపుషెడ్డు కడుతున్న మేస్త్రీలు పరుగెత్తుకొచ్చారు. ఒకాయన సుత్తితో అద్దం బద్దలు కొట్టాడు. మిగతావాళ్లు రెక్క కింద భుజాలు పెట్టి ఎత్తారు.

పిడుగుకి తొడ ఎముక, నడుము ఎముక విరిగాయి. తలకి దెబ్బ తగిలింది. కొన్నాళ్లు కళ్లు తెరవలేదు. తెరిచాక అందరినీ గుర్తుపట్టింది, నర్సుతో జోకు కూడా వేసింది. ఆ ఉదయం మాత్రం దానికి లేదు. పొద్దున్నే దువ్వెన కోసం అమ్మతో పోట్లాడటం దాకా గుర్తుంది. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పే. ఇంక ఆ జ్ఞాపకం తిరిగి రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

పిడుగు ఇంకా కళ్లు తెరవని రోజుల్లో, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద వదిన వచ్చి పైలటమ్మ పక్కన కూచుంది. జుట్టు దువ్వుకోలేదు. గోడకేసి చూస్తూ అంది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. క్లబ్బువాళ్లు కిందనుంచి చూశారట. ఒకటి చక్కగా చేశారట, దిగిపోతారనుకుంటే మళ్లీ రెండోది మొదలెట్టారట. రెండోది చేద్దామన్నది ఎవరు?"

తలుపు అద్దంలోంచి మంచం కనబడుతోంది. దాని మీద గొట్టాల మధ్య పిడుగు. అది లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. లేవకపోతే, తన చావు తనే అడిగి తెచ్చుకుందన్న మాట ఈ తల్లికి మిగలకూడదు. లేస్తే, ఆ మాట ఈ పిల్ల మోయకూడదు. పైలటమ్మ ఇదంతా ఆలోచించిందో, నోరే ముందు కదిలిందో ఆమెకే తెలియదు.

"నేనే" అంది.

వదిన తల ఊపింది. పైలటమ్మ కళ్లు మూసుకుని తిట్ల కోసం ఎదురుచూసింది. రెక్కలు విరుస్తుందో, పొయ్యిలో పెడుతుందో, చేతనైతే కొడుతుందో. కొడితే బాగుండును. వదిన లేచి, చీర సరిచేసుకుని అడిగింది.

"మీరు ఏమైనా తిన్నారా?"

పైలటమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

ప్రమాదం మీద విచారణ జరిగింది. అధికారి పెద్దమనిషి. ఇంజను సిలిండరులో వాల్వు ఒకటి విరిగిందనీ, లోపలి పగులు ఏ పరీక్షలోనూ కనబడే రకం కాదనీ తేల్చాడు. "ఇందులో మీ తప్పు ఏమీ లేదు మేడమ్. ఆ వాల్వు ఎలాగూ విరిగేదే. ఇంకాసేపాగి ఇళ్ల మీదుగా దిగుతున్నప్పుడు విరిగితే ఏమయ్యేది? అంత ఎత్తులో ఉండబట్టి బతికారు" అన్నాడు. క్లబ్బులో ఆమెని ఆకాశానికెత్తారు. ముందు అద్దంలోంచి ఏమీ కనబడకుండా దించడం మాటలా అన్నారు, పూలు తెచ్చారు, చప్పట్లు కొట్టారు. ఆమె టీ గదిలోకి రాగానే మాటలు మాత్రం ఆగిపోయేవి. ఒకరు కుర్చీ జరిపేవారు, ఒకరు గడియారం చూసుకునేవారు. తప్పు లేదని అందరూ ఒప్పుకున్న మనిషితో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు.

అన్నయ్య ఒకరోజు మేడ మెట్లెక్కి వచ్చాడు. విమానంలో విరిగిపోయిన ఆమె కళ్లజోడుకి బదులు కొత్తది చేసి తెచ్చాడు. కుర్చీలో కూచోబెట్టి, జోడు పెట్టి, చెవుల వెనక వేలు పెట్టి చూసి, తీసి, కొద్దిగా వంచి మళ్లీ పెట్టాడు. చిన్నప్పుడు ఆమెకి జడ వేసిన చేతులే అవి.

"చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు చూడు. నీకు కళ్లజోడుతో పోయింది" అన్నాడు. అన్నయ్య జోకు వేయడం ఆమె ఎరగదు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"వదిన నన్ను మీరు అంటోంది అన్నయ్యా."

అతను జోడు తుడిచే గుడ్డని నాలుగు మడతలు వేశాడు. "రాత్రుళ్లు ఏడుస్తుంది. నేను చూడనట్టు ఉంటాను. అంతకన్నా నాకేం చేతనవుతుంది చెల్లీ?" అని వెళ్లిపోయాడు.

ఆమె ఆ ఇంటికి వెళ్లడం మానలేదు. వదిన తలుపు తీసేది, "రండి, కూచోండి" అనేది. టీ ఇచ్చేది. టీలో చక్కెర మాత్రం ఆమెకి ఎంత కావాలో అంతే, ఒకటిన్నర చెంచానే ఉండేది. వంటగదిలోంచి గిన్నెల చప్పుడు వినబడేది. ఒకప్పుడు ఆ చప్పుడు మధ్య దెప్పులు ఉండేవి. ఇప్పుడు ఒక్క గిన్నెలే. పైలటమ్మ టీ తాగి, కప్పు తనే కడిగి పెట్టి, "వెళ్లొస్తాను వదినా" అనేది. "మంచిదండీ" అనేది వదిన. గదికి తిరిగొచ్చి దీపం వేసుకున్నాక, విచారణాధికారి మాటలు వదినకి చెప్పి ఉండాల్సిందేమో అనిపించేది. చెప్పడానికి వెళ్లిన ప్రతిసారీ ఆ "రండి" దగ్గరే నోరు కట్టుబడిపోయేది.

పిడుగు కర్రల మీద లేచింది. తర్వాత ఒక్క కర్రకి వచ్చింది. ఈతకొలనులో మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. నీళ్లలోకి దిగకుండా గట్టున కుర్చీలో కూచుని, ఈల ఊదుతూ నేర్పించేది. ఒక సాయంత్రం అత్తని అక్కడికి రమ్మంది. పిల్లలు నీళ్లలో కాళ్లు తపతప కొడుతున్నారు.

"అత్తా, నేను మొదటి సున్నా చుట్టానట కదా. క్లబ్బువాళ్లు చెప్పారు. నా సున్నా నాకే తెలియదు. ఎంత అన్యాయం! నువ్వు చెప్పు. అంతా చెప్పు, ఏదీ వదలొద్దు."

పైలటమ్మ చెప్పింది. కదలని గాలి, ముక్కు ఎప్పుడు ఎత్తింది, పైన ఎంతసేపు ఆగింది, కింద ఆ కుదుపు, ఆ అరుపు. పిడుగు నోరు తెరుచుకుని వింది, చిన్నప్పుడు కథలు విన్నట్టే.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నేను ఇంకొకటి చేద్దామన్నాను."

పిడుగు కుర్చీలో వెనక్కి వాలి అత్త మొహంలోకి చూసింది. "నువ్వా! బాగా వచ్చినదాన్ని ఎంగిలి చెయ్యకే అని నా ప్రాణం తీసేదానివి. నువ్వు అడిగావా? నాకు ఆ ఉదయం గుర్తులేదు కానీ, నేను గుర్తున్నాను అత్తా. అడిగింది నేనే అయ్యుంటుంది."

"కాదు."

"నీకు విమానం నడపడం వచ్చినంత బాగా అబద్ధం రాదు. అమ్మకి చెబుతాను."

"చెప్పకు." ఈసారి ఆమె గొంతు మారింది. "మీ అమ్మకి కోపం పెట్టుకోవడానికి ఒక చోటు కావాలి. ఇంజను మీద పెట్టుకోలేదు, దానికి మొహం లేదు. నీ మీద పెట్టుకుంటే బతకలేదు. నేనైతే అలవాటైన మనిషిని."

"మరి నీకెవరున్నారు?"

ఒక పిల్లవాడు లోతు వైపుకి జారుతున్నాడు. పిడుగు గట్టిగా ఈల ఊది, "ఒరేయ్, తాడు పట్టుకో!" అని అరిచింది. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆ ప్రశ్న చల్లారిపోయింది. పిడుగే మళ్లీ అంది, "డాక్టర్లు ఇంక విమానం వద్దన్నారు అత్తా. గిరికీల్లో మీద పడే బరువుకి నా నడుము ఆగదట. భయపడి మానేసిందనుకుంటావేమో అని చెబుతున్నాను. గుర్తే లేనిదానికి భయమెలా వేస్తుంది?"

"అనుకోనులే" అంది అత్త. తడిసిన తువ్వాలు ఒకటి గట్టు మీద పడి ఉంటే తీసి పిండి, మడతపెట్టి కుర్చీకి వేసింది.

పిడుగు తల్లికి చెప్పిందో లేదో పైలటమ్మ అడగలేదు. వదిన మీరు అనడం మాత్రం మానలేదు.

చలికాలం పోయాక క్లబ్బువాళ్లు అలాంటిదే ఇంకో విమానం కొన్నారు. భుజం నయమైందని డాక్టరు సంతకం పెట్టాడు. నేర్చుకునేవాళ్లు ఎవరూ ఆమె దగ్గర చేరలేదు. రెండు సీట్ల విమానంలో ఒక్కతే వెళ్లాలి. అలా వెళ్లేటప్పుడు ఖాళీ సీటు బెల్టులు వదులుగా వేలాడకూడదు. తలకిందులైనప్పుడు అవి ఎగిరి స్టిక్కుకి చుట్టుకుంటాయి. అందుకని పైలటమ్మ ముందు సీటు మీదికి వంగి, భుజాల బెల్టులు, నడుము బెల్టులు ఒకదాంట్లో ఒకటి గుచ్చి, ఎవరో కూచున్నట్టే బిగించింది. బిగిసిందో లేదో లాగి చూసింది. తర్వాత వెనక సీటులోకి ఎక్కింది.

పొలాల మీదికి వెళ్లాక వేగం పట్టించి ముక్కు పైకెత్తింది. నేల జారిపోయింది. తలకిందులైన చోట, ముందు సీటు మీంచి పొలాలూ కాలవా కనబడ్డాయి. కిందికి వచ్చేసరికి చిన్న కుదుపు తగిలింది. చెవుల ఫోనులో ఎవరూ అరవలేదు. ఇంజను మాత్రం నిలకడగా తిరుగుతోంది.

ఆమె ఇంకొకటి చేయలేదు. విమానాన్ని క్లబ్బు వైపు తిప్పింది. విమానం నేల మీదికి దిగి షెడ్డు ముందుకి చేరాక పంకా ఆగిపోయింది, వేడెక్కిన ఇంజను టిక్కుటిక్కుమంటూ చల్లారుతోంది. మెకానిక్కు రెక్క దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దిగరా మేడమ్?"

"దిగుతాను" అంది పైలటమ్మ. "మీరు వెళ్లండి, షెడ్డు తలుపులు నేను వేసుకుంటాను."